అటక మీది టీవీ ఎవరికివ్వాలి? సికింద్రాబాద్‌లో ఈ-వేస్ట్: తరచూ అడిగే ప్రశ్నలు

భోగికి ముందు వారం మా మారేడ్‌పల్లి అపార్ట్‌మెంట్‌లో అటకలన్నీ ఖాళీ అవుతాయి. కిందటేడు మెట్ల కింద పోగైనవి ఇవి: రెండు డబ్బా టీవీలు, మూత పోయిన మిక్సీ, అరడజను ఫోన్లు, చిక్కుపడిన చార్జర్లు, ఉబ్బిపోయిన ల్యాప్‌టాప్ బ్యాటరీ ఒకటి. వాచ్‌మన్ ఒక్క ఫోన్ చేశాడు, కబాడీ బండి వచ్చింది, అరగంటలో నేల శుభ్రం. మూడో రోజు పొద్దున నడకకు వెళ్తే, నాలా పక్క ఖాళీ జాగాలో ఒక టీవీ బోర్లా పడి ఉంది. పిక్చర్ ట్యూబ్ మెడ విరిచి రాగి చుట్ట తీసుకెళ్లారు, గాజు మాత్రం అక్కడే వదిలేశారు. ఎవరిదోలే అనుకుని దాటిపోయేవాణ్నే, కానీ డబ్బా అంచున మా పిల్లవాడు అంటించిన ఛోటా భీమ్ స్టిక్కర్ ఉంది. ఆ మెడ గాజులో సీసం ఉంటుంది. వానాకాలంలో ఆ నాలా ఎటు పారుతుందో మా వీధిలో అందరికీ తెలుసు.

ఆ తర్వాత నియమాలు తెచ్చుకుని చదివాను. చదివానని తెలిశాక ఇరుగుపొరుగు ప్రశ్నలు మొదలుపెట్టారు. ఎక్కువసార్లు వచ్చినవి ఇవి.

ఈ-వేస్ట్ అంటే కంప్యూటర్లు, ఫోన్లేనా? మా పాత ఫ్యాను కూడానా?

ఫ్యాను కూడా. ఇస్త్రీపెట్టె, ఫ్రిజ్, మిక్సీ, పిల్లల కరెంటు బొమ్మలు, చివరికి ట్యూబ్‌లైట్ కూడా. మన దేశంలో దీనికంటూ మొదటి నియమాలు 2011లో రాశారు, 2012 మేలో అమల్లోకొచ్చాయి. 2016లో వాటిని మార్చారు. ఇప్పుడు నడుస్తున్నవి 2022 నవంబరులో ప్రకటించినవి, 2023 ఏప్రిల్ 1 నుంచి అమలు. మునుపటి జాబితాలో 21 రకాల వస్తువులుండేవి, ఇప్పుడు 106. ప్లగ్గు ఉన్నా, సెల్లు వేసి నడిపేదైనా ఈ-వేస్టే అనుకుంటే ఇంటి లెక్కకు సరిపోతుంది. బ్యాటరీలకు మాత్రం వేరే నియమాలున్నాయి, వాటి సంగతి కింద చెబుతాను.

పాత సామాను కంపెనీయే వెనక్కి తీసుకోవాలని చట్టం ఉందట. షాపుకు మోసుకెళ్తే తీసుకోక తప్పదా?

అందరూ అడిగేది ఇదే, అందరూ పొరబడేదీ ఇక్కడే.

కంపెనీ మీద బాధ్యత ఉన్న మాట నిజం. మార్కెట్లో పెట్టిన సరుకు లెక్క ప్రకారం, ఇంత శాతం రీసైక్లింగ్ అయినట్టు ఏటా చూపాలి. ఈ లక్ష్యం 2023-24లో 60 శాతంతో మొదలై 2025-26కి 70కి చేరింది, 2027-28 నుంచి 80. అయితే కంపెనీ ఆ లెక్క చూపడానికి మన ఇంటి ముందు బండి ఆపక్కర్లేదు. రిజిస్టరైన రీసైక్లర్ దగ్గర సర్టిఫికెట్లు కొనుక్కుంటే చాలు. మీ బ్రాండు టీవీ మారేడ్‌పల్లిలో అటక మీదే ఉండొచ్చు, ఆ కంపెనీ మాత్రం ఇంకెక్కడో కరిగించిన ఇంకెవరిదో టీవీ బరువుకు సర్టిఫికెట్టు కొని లెక్క సరిచేసుకోవచ్చు. ఇదేమీ తప్పు కాదు, నియమం రాసిన తీరే అది.

2016 నియమాలు ఇంకాస్త మన వైపు ఉండేవి. కలెక్షన్ సెంటర్ల బాధ్యతలంటూ వాటిలో విడిగా ఉండేవి. చిరునామా, టోల్‌ఫ్రీ నంబరు కంపెనీ తన వెబ్‌సైట్‌లోనూ వస్తువుతో ఇచ్చే పుస్తకంలోనూ వేయాలని ఉండేది. కంపెనీ పని అప్పజెప్పిన డీలరు షాపులో పెట్టె పెట్టాలని ఉండేది. వినియోగదారుడి బాధ్యత కూడా రాశారు. 2022 నియమాల్లో బాధ్యతలు పంచింది తయారీదారుకు, కంపెనీకి, బాగుచేసి అమ్మేవారికి, రీసైక్లర్‌కు, పెద్దమొత్తంలో వాడే సంస్థలకు. మామూలు కుటుంబం ఎక్కడా లేదు. మీరూ నేనూ ఆ కాగితం మీద లేము. అందుకే షాపువాడు ‘తీసుకోం సార్’ అంటే, ఫలానా రూల్ ప్రకారం తీసుకోవాలి అని చూపించడానికి మన చేతిలో ఏమీ ఉండదు. ఎక్స్ఛేంజ్ ఆఫర్ ఉంటే అది వ్యాపారం, హక్కు కాదు.

సర్టిఫికెట్లకు గిట్టుబాటు ధర రాక, కాగితం మీదే రీసైక్లింగ్ జరుగుతోందన్న విమర్శ వచ్చాక, 2024లో కేంద్రం వాటికి కనీస ధర కట్టింది. ఇంట్లో వాడే ఎలక్ట్రానిక్ సామాన్లకు కిలోకు 22 రూపాయలు. కొన్ని పెద్ద కంపెనీలు అది ఎక్కువంటూ ఢిల్లీ హైకోర్టుకెక్కాయి. వేలకు వేలు పెట్టి మనం కొనే ఫ్రిజ్‌కు చివరి మజిలీ ఖర్చు కిలోకు 22 రూపాయలంటే అది ఎక్కువో తక్కువో మీరే చెప్పండి.

సరే, హక్కు లేకపోతే లేదు. ఇచ్చే చోటు వెతకడం ఎలా?

ఇక్కడ చిరునామాల జాబితా ఇవ్వను. సూపర్ మార్కెట్లో, కాలేజీలో, పెట్రోల్ బంకులో పెట్టిన డబ్బాలు ఈ నెల ఉంటాయి, వచ్చే నెల ఉండవు. మిక్సీ మోసుకుంటూ ఎండలో ప్యారడైజ్ దాకా వెళ్లి వట్టి చేతులతో రావడం నాకు అయింది. సారీ, మిక్సీతోనే వచ్చాను. కాబట్టి దారి చెబుతాను.

ముందు కంపెనీకి ఫోన్ చేయండి. షాపుకు కాదు, సర్వీస్ సెంటర్‌కు కూడా కాదు. వారంటీ కార్డు మీదా వెబ్‌సైట్‌లోనూ ఉన్న టోల్‌ఫ్రీ నంబరుకు చేసి, ‘ఈ-వేస్ట్ పికప్’ అన్న మాటే వాడండి. రిపేరు అన్నారా, కాల్ ఇంకో వైపు వెళ్లిపోతుంది. 500003 అనో 500015 అనో మీ పిన్‌కోడ్ చెప్పి, ఫిర్యాదు నంబరు రాసుకోండి. పెద్ద బ్రాండ్ల వెబ్‌సైట్లలో అట్టడుగున చిన్నక్షరాలతో ‘ఈ-వేస్ట్’ అనో ‘రీసైక్లింగ్’ అనో ఒక లింకు ఉంటుంది, అదే మనకు కావలసింది. నా ల్యాప్‌టాప్ బ్యాటరీ విషయంలో ఒక సర్వీస్ సెంటర్‌లో కౌంటర్ అబ్బాయి ‘మాకు అట్లాంటిదేం లేదు సార్’ అన్నాడు. అక్కడే నిలబడి అదే కంపెనీ టోల్‌ఫ్రీకి చేస్తే ‘మీ దగ్గరి సర్వీస్ సెంటర్‌లో ఇవ్వండి’ అన్నారు. ఫోన్ స్పీకర్‌లో పెట్టాను. బ్యాటరీ తీసుకున్నారు.

కంపెనీ దారి మూసుకుంటే రీసైక్లర్ దారి పట్టండి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి, అంటే సీపీసీబీ, ఈ-వేస్ట్ పోర్టల్‌లో రిజిస్టరైన రీసైక్లర్ల పేర్లుంటాయి. తెలంగాణవి చూసుకుని ఫోన్ చేయండి. ఒక్క మిక్సీ కోసం అంతంత దూరం నుంచి ఎవరూ బండి పంపరు, వాళ్ల డీజిల్ వాళ్లకు రావాలి కదా. అందుకే అపార్ట్‌మెంట్ మొత్తానికో, గల్లీ మొత్తానికో కలిపి పోగుచేసి పిలవాలి. ముప్ఫై ఫ్లాట్ల అటకలు దులిపితే బండి నిండుతుంది. వచ్చినవాళ్లు యాప్ ద్వారా తుక్కు సేకరించే మధ్యవర్తులైతే ఒక్కటే అడగండి: ‘ఇది చివరికి ఏ రీసైక్లర్‌కు వెళ్తుంది?’ పేరు చెబితే పోర్టల్‌లో వెతకండి. నసిగితే ఇవ్వకండి.

స్వచ్ఛ ఆటోలో వేసేస్తే?

తడి, పొడి చెత్తలో కలపకూడదు. వస్తువు మీద చక్రాల చెత్తడబ్బాకు అడ్డంగా గీత కొట్టిన బొమ్మ ఉందంటే అర్థం అదే. పగిలిన ట్యూబ్‌లైట్లు, పాత సెల్లులు ఇంట్లో విడిగా ఉంచాలన్నది 2016 నాటి ఘన వ్యర్థాల నియమాల నుంచీ ఉంది. అయితే చెత్తలో ఈ-వేస్ట్ కలిసి వస్తే దాన్ని ఏరి రిజిస్టరైన రీసైక్లర్‌కు చేర్చే పని మాత్రం నగరపాలక సంస్థదే. బ్రాండు లేని, లేదా కంపెనీయే మూతపడ్డ వస్తువులకు దిక్కు కూడా వాళ్లే. పార్క్ లేన్‌లో విడిభాగాలు కొని బిగించుకున్న కంప్యూటర్ ఉందే, అలాంటివన్నమాట. 2016 నియమాలు వీటికి ‘అనాథ వస్తువులు’ అనే అర్థం వచ్చే పేరు పెట్టాయి. సర్కారు కాగితాల్లో అప్పుడప్పుడు కవిత్వం తొంగిచూస్తుంది.

మాది బోయినపల్లి. ఎవరిని అడగాలి?

ఇంటి పన్ను రసీదు తీసి చూడండి, ఎవరి పేరుంటే వాళ్లనే అడగాలి. సికింద్రాబాద్‌లో ఈ తిప్పలు ఎప్పుడూ ఉన్నవే. ఒక వీధి జీహెచ్‌ఎంసీది, పక్క వీధి కంటోన్మెంట్ బోర్డుది. తిరుమలగిరి, కార్ఖానా, పికెట్, బొల్లారం వైపు చాలా కాలనీలు 2006 నాటి కంటోన్మెంట్ల చట్టం కింద నడుస్తాయి. సివిల్ ప్రాంతాలను నగరంలో కలపాలన్న మాట ఏళ్లుగా వింటూనే ఉన్నాం. కలిసేదాకా అర్జీ బోర్డు ఆఫీసుకే ఇవ్వాలి. ఈ-వేస్ట్ నియమాలు మాత్రం గీతకు అటూ ఇటూ ఒక్కటే.

కబాడీకి ఇస్తే నేరమా? పాపం, వాడూ బతకాలి కదా.

ఈ నియమాల్లో మామూలు కుటుంబమే లేదని పైనే చెప్పాను, కాబట్టి ఇంటివాళ్లకు జరిమానా వేసే మాటా లేదు. రిజిస్ట్రేషన్ లేకుండా వాటిని విప్పి, కరిగించి వ్యాపారం చేయడం మాత్రం కుదరదు.

ఇక పాపం సంగతి. కబాడీవాళ్ల మీద నాకు కోపం లేదు. ఈ ఊరి కాగితం, ఇనుము, సీసాలు మళ్లీ సరుకవుతున్నాయంటే అది వాళ్ల చెమటే. నేను భయపడేది వాళ్ల కోసమే. వైరు మీది ప్లాస్టిక్ కాల్చి రాగి తీసే పొగ ముందు పీల్చేది వాళ్లే. బోర్డులను యాసిడ్‌లో ముంచే చేతులు వాళ్ల పిల్లలవి. 2022 మార్చి 23 తెల్లవారుజామున బోయిగూడలో ఒక తుక్కు గోడౌన్ తగలబడి, పైన నిద్రపోతున్న 11 మంది బిహార్ కూలీలు చనిపోయారు. కిటికీ నుంచి దూకి బయటపడ్డవాడు ఒక్కడే. రైల్వే స్టేషన్‌కు కూతవేటు దూరం. మనం అమ్మిన పాత సామాను అలాంటి గోడౌన్లకే చేరుతుంది.

కాబట్టి ఇలా చేయండి: పాత పేపర్లు, ఇనుము, అట్టపెట్టెలు మీ కబాడీకే ఇవ్వండి. తీగ ఉన్నది, తెర ఉన్నది, బ్యాటరీ ఉన్నది ఆపండి. ఈ సంగతి వాడితో కూడా చెప్పండి. మావాడికి చెబితే ‘ఎక్కడ తీసుకుంటారో చెప్పండి సార్, నేనే ఇస్తా’ అన్నాడు. పోగుచేసి రీసైక్లర్‌కు చేర్చే పని చేస్తే వాడికంటే మంచి కలెక్షన్ సెంటర్ ఈ గల్లీకి దొరకదు. అసంఘటిత కార్మికులను గుర్తించి, నమోదు చేసి, శిక్షణ ఇవ్వాలని రాష్ట్ర ప్రభుత్వానికి నియమాల్లో రాసే ఉంది.

బ్యాటరీలు?

రెండు రకాలు, రెండు దారులు.

ఇన్వర్టర్, కారు బ్యాటరీలకు దిగులు లేదు. కొత్తది కొనేటప్పుడు పాతదానికి ధర కట్టి తీసుకుంటారు. సీసానికి గిరాకీ ఉంది కాబట్టి ఈ దారి ఎప్పటి నుంచో నడుస్తోంది. నీళ్లు ఒంపేసి తూకానికి అమ్మే పని మాత్రం చేయకండి, అది నీళ్లు కాదు, యాసిడ్.

భయపడాల్సింది లిథియంకి. ఫోను, ల్యాప్‌టాప్, పవర్‌బ్యాంక్, ఎలక్ట్రిక్ స్కూటర్, అన్నిటిలో ఉండేది అదే. 2022 సెప్టెంబరు 12 రాత్రి పాస్‌పోర్ట్ ఆఫీసు దగ్గర కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్‌లో అంటుకున్న మంట పొగ పై అంతస్తుల హోటల్‌కు పాకి 8 మంది పోయారు. ఫోన్ బ్యాటరీ అంత పెద్దది కాదు, కానీ గుణం అదే. ఉబ్బినదాన్ని పొడవకండి, వంచకండి, చార్జింగ్ పెట్టకండి. లోహం తేలిన చివర్లకు టేపు వేసి, పొడి ఇసుక పోసిన పాత కుండలోనో ఇనుప డబ్బాలోనో పెట్టి, వీలైనంత త్వరగా సర్వీస్ సెంటర్‌కు ఇచ్చేయండి. వంటింట్లో, పిల్లల గదిలో వద్దు. బ్యాటరీ వ్యర్థాల నియమాలు కూడా 2022లోనే, ఆగస్టులో వచ్చాయి. వాటిలో మాత్రం మనం ఉన్నాం. బ్యాటరీలను ఇంటి చెత్తలో కలపకుండా, సేకరించేవారికో రీసైక్లర్‌కో ఇవ్వడం వాడేవారి బాధ్యత.

ఫోన్ ఇచ్చే ముందు అన్నీ డిలీట్ చేశాను. చాలదా?

చాలదు. ఈ వరుసలో చేయండి: కావలసినవి వేరేచోట దాచుకోండి, బ్యాంకు యాప్‌లు, యూపీఐ, వాట్సాప్ నుంచి బయటికి రండి, గూగుల్ ఖాతా తీసేయండి, ఆపైన ఫ్యాక్టరీ రీసెట్. ఖాతా తీయకుండా రీసెట్ కొడితే ఆ ఫోన్ బాగుచేసి ఇంకొకరికి ఇచ్చే వీలు కూడా పోతుంది. సిమ్, మెమరీ కార్డు తీయండి. ఎంతమంది మర్చిపోతారో! *#06# కొడితే వచ్చే ఐఎంఈఐ నంబరు రాసుకుని, రసీదు మీద వేయించుకోండి. రేపు ఆ ఫోన్ ఏ కేసులోనో దొరికితే మీకు అడ్డు నిలిచేది ఆ రసీదే. ఆన్ కాని కంప్యూటర్ అయితే హార్డ్ డిస్క్ విప్పించి ఇంట్లో పెట్టుకోండి, లేదా మధ్యలో డ్రిల్లు వేయించి ఇవ్వండి.

సీటీసీలో అమ్ముకోవచ్చా?

పనిచేసేదైతే తప్పకుండా. పనిచేసే వస్తువు వ్యర్థమే కాదు. పార్క్ లేన్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో పదేళ్ల ల్యాప్‌టాప్‌కు కూడా ర్యామ్ మార్చి, కీబోర్డు వేసి ఇంకో మూడేళ్లు నడిపించే చేతులున్నాయి. ఏ రీసైక్లింగ్ కన్నా అదే మేలు. పూర్తిగా చచ్చిన బోర్డు ‘స్పేర్ల కోసం’ అంటూ అడిగితే మాత్రం ఇవ్వకండి. పనికొచ్చేది తీసుకున్నాక మిగిలింది ఎటు పోతుందో కౌంటర్ దగ్గర ఎవరూ చెప్పరు.

భోగి మంటలో?

వద్దు. పిడకలు, కట్టెలు వేయండి.

మాది స్కూలు. వంద కంప్యూటర్లున్నాయి, వేలం వేస్తే మంచి ధర వస్తోంది.

ముందు లెక్క పెట్టండి. ఒక ఆర్థిక సంవత్సరంలో ఎప్పుడైనా సరే జాబితాలోని వస్తువులు వెయ్యి, అంతకు మించి వాడిన సంస్థను నియమాలు పెద్దమొత్తం వినియోగదారుగా చూస్తాయి. కంప్యూటర్లే వెయ్యి ఉండాలని కాదు. ల్యాబ్, ప్రింటర్లు, ప్రతి గదిలో ఫ్యాన్లు, ఏసీలు, ఫోన్లు కలిపి చూస్తే పెద్ద స్కూలు, ఆసుపత్రి, ఆఫీసు ఆ గీత దాటేస్తాయి. దాటితే రిజిస్టరైన కంపెనీకో, బాగుచేసేవారికో, రీసైక్లర్‌కో తప్ప ఇంకెవరికీ ఇవ్వకూడదు. ఎక్కువ పాడినవాడికి వేలం పాట కొట్టేయడం ఇక్కడ కుదరదు, పాడేవాడికి రిజిస్ట్రేషన్ ఉండాలి. పర్యావరణ పరిరక్షణ చట్టం కింద జరిమానా ఇప్పుడు 10 వేల నుంచి 15 లక్షల రూపాయల దాకా. వెయ్యి లోపు అయినా అదే పద్ధతి పాటిస్తే ఆడిట్‌లో తలనొప్పి ఉండదు.

రీసైక్లర్ కన్నా కబాడీయే ఎక్కువ ఇస్తాడు. నష్టం మాకెందుకు?

ఎందుకంటే కబాడీ లెక్కలో రాగి ఉంటుంది, సీసం ఉండదు. సీసాన్ని, పాదరసాన్ని పట్టి ఉంచడానికి రీసైక్లర్‌కు ఖర్చవుతుంది, నాలా పక్కన పారేసేవాడికి ఏ ఖర్చూ లేదు. కాబట్టి ధర అతడిదే ఎక్కువ ఉంటుంది, ఎప్పుడూ అంతే. బోర్డుల్లో బంగారం, వెండి, పలేడియం ఉన్న మాటా నిజమే. మన చర్లపల్లిలోని సీమెట్ అనే కేంద్ర సంస్థలో ఈ-వేస్ట్ కోసమే ఒక కేంద్రం నడుస్తోంది, బోర్డుల నుంచి ఈ లోహాలను పద్ధతిగా తీసే సాంకేతికతను అక్కడ తయారుచేశారు. ప్రపంచం మొత్తం మీద 2022లో 6.2 కోట్ల టన్నుల ఈ-వేస్ట్ పోగైతే, పద్ధతిగా సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్క తేలింది 22.3 శాతమే.

ఎవరైనా బహిరంగంగా వైర్లు కాలుస్తుంటే, కంపెనీ ఫోన్ ఎత్తకపోతే?

కాల్చడం, యాసిడ్ వాడకం, నాలాలో పారేయడం చూస్తే తెలంగాణ కాలుష్య నియంత్రణ మండలికి రాయండి. ప్రధాన కార్యాలయం సనత్‌నగర్‌లో ఉంది. ఫొటో, తేదీ, పక్కన గుర్తుపట్టే దుకాణమో గుడో ఏదో ఒకటి రాయండి, ఆ మూడూ లేని ఫిర్యాదు కదలదు. పికప్ చేస్తామని ప్రకటించుకుని రాకపోయినా, ఎక్స్ఛేంజ్‌లో మోసం జరిగినా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చేయొచ్చు.

ఈ భోగికి మా మెట్ల కింద ఒక నీలం డ్రమ్ము పెట్టాం, నిండితే రీసైక్లర్ బండి పిలవాలని. ఇప్పటికి సగం నిండింది. మారేడ్‌పల్లి చుట్టుపక్కల అపార్ట్‌మెంట్ల వాళ్లెవరైనా కలిస్తే ఒకే బండి సరిపోతుంది. మీ అసోసియేషన్ వాళ్లతో ఒకసారి మాట్లాడండి.